నేను చంపని చేపలు

మా తమ్ముడు శీను ఫోన్ చేసి, "అక్కా, మన ఇంటికి సముద్రమొచ్చింది, నువ్వు రాకుంటె ఎట్ల?" అన్నాడు. వాడుండేది జనగామలో. నేను కాటారం బడిలో ఏళ్ల తరబడి సైన్సు చెప్పి, గొంతు అరిగిపోయాక భూపాలపల్లిలో స్థిరపడ్డాను. రెండు బస్సులు మారి వాడి ఇల్లు చేరేసరికి నడుము పట్టేసింది. లోపలికి పోయి చూద్దును కదా, హాల్లో ఒక గోడంతా ఆక్రమించిన గాజు తొట్టి, లోపల నీలం రంగు దీపం, ఎక్కడి నుంచో తెప్పించిన రాళ్లు, వాటి మధ్య తెల్ల పట్టీలు వేసుకున్న నారింజ రంగు చేపలు నాలుగు. తొట్టి కింద అలమరలో బుర్రుమంటూ మూడు మోటర్లు. సోఫాల నిండా వాడి ఆఫీసు స్నేహితులు, మా మరదలు లత వైపు చుట్టాలు. గోడవారగా చేతుల కుర్చీలో మా బాపు. ఎనభై అయిదు దాటినా పాము చెవులు ఆయనవి.

శీను అందరికీ పాఠం చెబుతున్నాడు. నెల రోజులు చేపలు వేయకుండా ఉత్త నీళ్లే నడిపాడట. వడపోసిన నీళ్లలో పొట్లం ఉప్పు కలిపి, దుర్భిణిలాంటి చిన్న గొట్టంలో ఒక చుక్క వేసి, కన్ను పెట్టి చూస్తే ఉప్పు ఎంతుందో గీత మీద కనబడుతుందట. "నీళ్లు ఎండకు తగ్గుతయి గని ఉప్పు తగ్గదు. తగ్గిన కాడికి మంచినీళ్లే పొయ్యాలె. ఉప్పునీళ్లు పోస్తె ఉప్పు మీద ఉప్పయితది. ఒక్కసారే దండిగ ఉప్పు పడ్డదనుకో, పూట గడవదు, చేపలన్ని ఎల్లెలకల పడుతయి" అన్నాడు. నేను చప్పున బాపు ముఖంలోకి చూశాను. ఆయన రెప్ప వేయలేదు. శీను మాట పూర్తికాగానే గొంతు సవరించుకుని, "మా మానుకోటల గూడ ఉండె ఉప్పునీళ్ల తొట్టి. వీడు పుట్టకముందు ముచ్చట. గంత మంచి చేపలను మా పెద్దబిడ్డ ముట్టు బట్టలతోని పోయి ముట్టుకున్నది. ఇంకేముంది, అన్ని సచ్చినయి!" అన్నాడు. ఇల్లంతా పకపకలు. లత చుట్టాల్లో ఒకావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నన్ను కిందికీ మీదికీ చూసింది. నాకు అరవై దాటాయి. నా ముట్టు సంగతికి తమ్ముడి సోఫాల్లో కూర్చున్న పరాయివాళ్లు చాయ్ తాగుతూ నవ్వుకుంటున్నారు. థూ అనిపించింది. చేతిలోని కప్పు బల్ల మీద పెట్టి వంటింట్లోకి పోయాను.

ఆ ముచ్చట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. నా పెళ్లిలో మగపెళ్లివారికి చెప్పాడు. నా బిడ్డ బారసాలలో చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ నవ్వారు, నేనూ పళ్లు బయటపెట్టి నవ్వినట్టు నటించాను. ఆ నటన తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే వాంతి వచ్చేంత రోత. ఎందుకంటే ఆ చేపలను చంపింది నేను కాదు. ఆ సంగతి బాపుకు ఆ రోజే తెలుసు. ఆయన నోటి నుంచి ఆ ఒక్క ముక్క రావాలని నేను పద్నాలుగేళ్ల వయసు నుంచి ఎదురుచూస్తున్నాను.

మహబూబాబాదును మేం మానుకోట అనే అంటాం. బాపు అక్కడ రైలు స్టేషన్‌లో పార్సిల్ గుమాస్తా. స్టేషన్ వెనక రెండు గదులు, ఒక వరండా, పెరట్లో ఒక నిమ్మచెట్టు, అదీ మా ఇల్లు. ఆ ఇంటికి యజమాని బాపు అనుకుంటే పొరపాటే. యజమానురాలు మా నాయినమ్మ. ఆమె రాజ్యం వంటింటి అటక మీద వరసగా కూర్చున్న తొక్కు జాడీలు. మామిడికాయ తొక్కు, చింతకాయ తొక్కు, నిమ్మకాయ, ఉసిరికాయ. మూతులకు కట్టిన పాత ధోతీ గుడ్డలు, వాటి చుట్టూ నూనె మరకలు, అటక కింద నిలబడితే ముక్కుపుటాలు మండించే ఆవపిండి, మెంతిపిండి ఘాటు. తలస్నానం చేయనిదే నాయినమ్మ జాడీ మూత తీసేది కాదు. తడిచేయి తగలకూడదు, ఎంగిలి గరిటె తగలకూడదు, అన్నింటికంటే ముఖ్యంగా ముట్టయిన ఆడది ఆ గది గడప తొక్కకూడదు. ఎప్పుడైనా జాడీలో బూజు పట్టినా, వాసన మారినా ఆమె దగ్గర ఒకే మందు. ఉప్పు కుండలోంచి రెండు పిడికిళ్ల దొడ్డుప్పు తీసి వేసి కలిపేసేది. తొక్కు బాగుపడేది. ఆ తర్వాత, ఇంట్లో ఎవరు 'బయట' ఉన్నారో ఆరా తీసేది. ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవాళ్లం. అమ్మ, నేను, మధ్యమధ్య వచ్చిపోయే మేనత్తలు. నేరస్థురాలు దొరకకపోవడం అంటూ లేదు.

బాపుకు సముద్రం పిచ్చి పట్టింది ఒక కోస్తా అధికారి వల్ల. కొత్తగా బదిలీ మీద వచ్చిన ఆ పెద్దాయన బాపు నోరు తెరిస్తే చాలు నవ్వేవాడు. "ఏంటన్నావ్? మళ్లీ అను" అని రెండుసార్లు అనిపించుకుని మరీ నవ్వేవాడు. తన సొంతూళ్లో, ఇంటి వసారాలో సముద్రపు చేపల తొట్టి ఉందనీ, మీ చెరువు చేపల వాళ్లకు అదేం అర్థమవుతుందనీ అన్నాడట. బాపు ఆ పూట అన్నం ముట్టలేదు. "మనకేం తక్కువనే? రైలు మనది, గార్డులు మన దోస్తులు. నేను తెప్పిస్త సముద్రాన్ని" అని అమ్మ ముందు తొడ చరిచినంత పని చేశాడు. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ, "తెప్పియ్యి. తొట్టి తోమేది నేనే గద" అంది.

పటాలకు అద్దాలు బిగించే ఖాజా భాయి తొట్టి చేశాడు. మానుకోటలో పెళ్లి ఫోటోలూ దేవుళ్ల ఫోటోలూ అన్నీ ఆయన చేతి కిందే చట్రాల్లోకి ఎక్కేవి. ఇనుప చట్రం చేయించి, అద్దాలు నిలబెట్టి, సందుల్లో లప్పం కూరాడు. "సాబ్, తీపి నీళ్లకైతే నాది గ్యారంటీ. ఉప్పు నీళ్లంటున్నరు, ఇనుమును తినేస్తది, జర సోచాయించున్రి" అన్నాడు. బాపు ఆలోచించలేదు. విశాఖపట్నం నుంచి వచ్చే బండిలో గార్డు స్నేహితుడు నాలుగైదు నూనె డబ్బాల నిండా సముద్రపు నీళ్లు దింపాడు. అంతకుముందే ఆ డబ్బాలను నూనె వాసన పోయేదాకా బూడిదతో తోమి పంపింది అమ్మ. నీళ్లు పోసిన రోజు వీధి వీధంతా మా ముందుగదిలో ఉంది. ఒకరి తర్వాత ఒకరు వేలు ముంచి నాలుకకు రాసుకుని, "అవ్ నిజమే, ఉప్పగున్నది" అన్నారు. వాళ్లలో చాలామంది సముద్రం చూడనివాళ్లే. నేనూ చూడలేదు. తర్వాతి వారం చేపలు వచ్చాయి. వేలెడంత పసుపు చేపలు అయిదు, ఒంటి నిండా నల్ల చారలు. వాటితో ఒక బుల్లి పీత. బెస్తవాళ్లు రాళ్ల గుంటల్లో పట్టి ఇచ్చారట, పేరు మాత్రం బాపుకు తెలియదు. చారల చేపలు అనేవాళ్లం. చిన్న గాలి మోటరు గుడగుడలాడుతుంటే ఆ బుడగల మధ్య అవి తిరుగుతుంటే, నిజం చెప్పొద్దూ, నేను బడి ఎగ్గొట్టి మరీ చూశాను.

నాయినమ్మ మూడు రోజులు ఆ తొట్టిని దూరం నుంచి పరీక్షించింది. నాలుగో రోజు తీర్పు చెప్పింది. "ఉప్పునీళ్లల్ల నిలువ ఉండేదంతా తొక్కు సొంటిదే. దానికి మడి ఉండాలె. బయటున్నోళ్లు గీ అర్రలకు రావద్దు." దాంతో తొట్టి బాపుదైనా పెత్తనం ఆమెదైపోయింది. ఎండాకాలం, నీళ్లు రోజుకు వేలి మందం తగ్గిపోయేవి. తగ్గినప్పుడల్లా ఆమె బిందెలో దొడ్డుప్పు కరిగించి, నాలుక చివరన చూసి, "ఆఁ, సరిపోయింది" అని పోసేది. ఉప్పునీళ్లు తగ్గితే ఉప్పునీళ్లే పోయాలి కదా మరి! బాపు పక్కనే నిలబడి తలాడించేవాడు. తొట్టి అంచుల మీద తెల్లగా ఉప్పు పేరుకుంది. ఇనుప చట్రం తుప్పు పట్టి నీళ్లలోకి ఎర్రటి చారలు దిగాయి. అది చూసినవాళ్లు సముద్రమంటే అట్లాగే ఉంటుందనుకున్నారు.

ఆ నెల నేను బయట ఉన్న మొదటి రోజునే మరిపెడలో మా బంధువుల పెళ్లి. ఆ స్థితిలో ఉన్నదాన్ని పెళ్లికి తీసుకుపోరు కాబట్టి నన్ను వరండాలో చాప మీద వదిలి, ఒక కంచం, ఒక చెంబు పక్కన పెట్టి అందరూ వెళ్లారు. పట్టపగలు ఎండ మండిపోతుండగా కరెంటు పోయింది. గాలి మోటరు ఆగిపోయింది. కిటికీలోంచి చూస్తే అయిదు చేపలూ నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. ఒక్క నిమిషం నాయినమ్మ గుర్తుకొచ్చింది. తర్వాత చేపల నోళ్లే కనబడ్డాయి. గడప దాటి లోపలికి పోయి, మగ్గుతో నీళ్లు ముంచి ఎత్తు నుంచి పోయడం మొదలుపెట్టాను. గాలి కలుస్తుందని ఎవరు చెప్పారో తెలియదు, చేతికి తోచింది. కరెంటు వచ్చేదాకా, రెండు గంటలో మూడు గంటలో, భుజం ఊడిపోయేలా పోశాను. అయిదింటికి అయిదూ బతికాయి. నాకెంత గర్వమో! పెళ్లివాళ్లు తిరిగొచ్చాక బాపు మెచ్చుకుంటాడని, జరిగింది నేనే చెప్పాను. అంతకంటే తెలివితక్కువ పని ఇంకోటి చేయలేదు జన్మలో.

"ముట్టుకున్నదట! తొట్టిని ముట్టుకున్నదట!" అని నాయినమ్మ వాకిట్లోనే తలబాదుకుంది. బాపు మాత్రం చేపల వంక చూసి, "ఊకో అవ్వా, మంచిగనే ఉన్నయి గద" అన్నాడు. తన తల్లిని అవ్వా అనే పిలిచేవాడు. మూడో రోజుకు తొట్టిలోంచి కంపు మొదలైంది. పీత రాళ్ల కింద చచ్చి ఉంది, ఆ సంగతి తర్వాత తెలిసింది. నీళ్లు బియ్యం కడిగిన కుడితిలా తెల్లబడ్డాయి. పొద్దున్నే నాయినమ్మ తలస్నానం చేసి, జుట్టు చివర ముడి వేసుకుని, ఉప్పు కుండ చంకన పెట్టుకుని ముందుగదిలోకి రావడం వరండాలోంచి చూశాను. వాసన మారిన తొక్కుకు ఏం చేస్తుందో అదే చేసింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు పిడికిళ్లు. చేయి నిండా కుక్కి కుక్కి వేసింది. చెయ్యి దులుపుకుని, కళ్లు మూసుకుని దండం పెట్టింది. మధ్యాహ్నానికి చారల చేపలు అయిదూ కడుపులు పైకి పెట్టి తేలాయి.

ఎల్లుండి ఆదివారం ఆ అధికారి మా ఇంటికి తొట్టి చూడ్డానికి రావాలి. బాపే పిలిచాడు. డ్యూటీ నుంచి వచ్చి తొట్టి ముందు నిలబడ్డ మనిషి ముఖం పాలిపోయింది. నేను వరండాలోంచే, "బాపూ, నాయినమ్మ పొద్దుగాల ఉప్పేసింది. నాలుగు పిడికిళ్లేసింది. నేను చూసిన" అన్నాను. ఆయన తొట్టిలో చేయి పెట్టాడు. అడుగున ఇంకా కరగని దొడ్డుప్పు గింజలు వేళ్లకు తగిలాయి. అరచేతిలోకి తీసి చూశాడు. నీళ్లు ఒక బొట్టు నాలుక మీద వేసుకుని, వెంటనే కిటికీలోంచి తుపుక్కున ఉమ్మేశాడు. ముఖం అదోలా అయిపోయింది. ఇక చెబుతాడనుకున్నాను.

నాయినమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, "నీ బిడ్డ ముట్టిననాడే అనుకున్న. పచ్చని సంసారంల మైల కలిపింది" అంది. బాపు అరచేతిలోని ఉప్పును పంచెకు తుడుచుకున్నాడు. నా వైపు చూడకుండా, "ఇంకోసారి ముట్టకు" అన్నాడు.

అంతే. ఆ రెండు మాటలే. కొట్టినా బాగుండేది.

ఆదివారం ఆ పెద్దాయన వచ్చాడు. చచ్చిన చేపలు తేలుతున్న తొట్టి చూసి వెక్కిరింపుగా కళ్లెగరేశాడు. ఏం చెబుతాడా అని నేను తలుపు చాటున ఉన్నాను. బాపు చేతులు నలుపుకుంటూ, ఆయన భాష తెచ్చిపెట్టుకుని, "ఏం చెప్పమంటారు సార్, ఇంట్లో ఆడపిల్ల ముట్టుతో ముట్టుకుందండీ, అన్నీ చచ్చిపోయాయండీ" అన్నాడు. అధికారి పగలబడి నవ్వాడు. "ఓరి మీ ఇల్లు బంగారం గానూ" అంటూ బాపు భుజం తట్టాడు. మొదటిసారి ఆయన బాపుతో కలిసి నవ్వడం అదే. బాపు ముఖం వెలిగిపోయింది! తన పరువు దక్కింది. పద్నాలుగేళ్ల ఆడపిల్ల ఒంటి సంగతి ఒక పరాయి మగాడి ముందు పరిచి దక్కించుకున్నాడు. అప్పుడు నాకు పుట్టిన అసహ్యానికి పేరు తెలియలేదు.

తొట్టిని ఇప్పుడెవరు ముట్టుకోవాలి? నేను ఎలాగూ ముట్టుకున్నదాన్ని కాబట్టి నేనే కడగాలని నాయినమ్మ తేల్చింది. రెండు రోజులు నిలవున్న చచ్చిన చేపలు చేతిలోకి తీస్తే చర్మం ఊడి వేళ్లకు అంటుకుంది. రాయెత్తితే పీత. దాని కాళ్లు ఎక్కడివక్కడ విడిపోయి, లోపల నుంచి నల్లటి జిగురు కారింది. ఆ కంపు గురించి ఎంత రాసినా తక్కువే. మురుక్కాలువ కంపు వేరు, చచ్చిన ఎలుక కంపు వేరు. ఇది గొంతులోకి దిగి తిష్ట వేసుకునే కంపు. రెండుసార్లు కక్కుకున్నాను. కక్కుకున్నదీ నేనే కడిగాను. ఆ నీళ్లన్నీ బకెట్లతో మోసి పెరట్లో పోశాను. నెల తిరగకుండా నిమ్మచెట్టు ఆకు రాల్చి ఎండిపోయింది. అదీ నా చేతి మహిమే అన్నారు!

అమ్మ ఆ సాయంత్రం నన్ను బావి దగ్గర కూర్చోబెట్టుకుని చింతపండుతో, తర్వాత కుంకుడు రసంతో నా చేతులు రుద్దింది. రుద్దుతూ ఒక్క మాటంది. "ఊకో బిడ్డా. గీ ఇంట్ల ఎవలో ఒకలు పడాలె. నేను పడలేదా?" ఓదార్పు అనుకుని చెప్పింది పాపం. ఆ మాటలోని కంపు నాకు చేపల కంటే ఎక్కువ కాలం నిలిచింది. ఆమె పోయి ఇరవై ఏళ్లు దాటుతోంది, ఆమె మీద కోపం మాత్రం సగమే పోయింది.

ఇవన్నీ శీను వంటింట్లో, గ్యాసు పొయ్యి పక్కన నిలబడి నెమరేసుకున్నాను. అప్పటికీ ఇప్పటికీ ఎంత తేడా! అప్పుడు సముద్రాన్ని నూనె డబ్బాల్లో దింపాం, ఇప్పుడు పొట్లాల్లో దొరుకుతోంది. అప్పుడు నాలుకతో చూసిన ఉప్పును ఇప్పుడు గొట్టంతో చూస్తున్నారు. వీడి చేపలు బతుకుతాయి, సందేహం లేదు. ఆ గొట్టంలో కన్ను పెట్టిన ఇంట్లోనే, ఉప్పు ఎక్కువైతే చేపలు చస్తాయని విన్న క్షణంలోనే, ముట్టు వల్ల చచ్చాయంటే నవ్వగలిగారు. చదువుకున్నవాళ్లే అందరూ. ఒక్కరికీ ఆ రెండు మాటలు పక్కపక్కన పెట్టి చూడాలని తోచలేదు.

మధ్యాహ్నం భోజనాలై చుట్టాలు వెళ్లిపోయారు. శీను, లత నడుం వాల్చారు. బాపు ఒక్కడే తొట్టి ముందు కూర్చుని ఉన్నాడు. స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాను.

"బాపూ, ఆనాడు మానుకోటల నువ్వు నీళ్లు నాలిక మీద ఏసుకున్నవు. యాదికున్నదా?"

ఆయన చేపల మీది నుంచి చూపు తిప్పలేదు. "ఉన్నది."

"ఉప్పెక్కువైందని నీకు ఎరుకైందా కాలేదా?"

"ఎరుకైంది." ఇంత తేలిగ్గా వస్తుందనుకోలేదు. "నువ్వు చెప్పినప్పుడే ఎరుకైంది. అడుగున ఉప్పు తగిలింది."

"మరి?"

"మరేంది? మా అవ్వను అనాల్నా? ముప్పయేండ్లకే ముండమోసి నన్ను సాదింది. గంత మందిల ఆమెను పట్టుకొని నువ్వే సంపినవ్ అనాల్నా?"

"నన్నన్నవు గద."

"నువ్వు చిన్నదానివి. నాలుగొద్దులైతె మరిచిపోతవనుకున్న."

"నేను మరవకపోతి. నువ్వు మరవనిస్తివా? పొద్దున గూడ చెప్పినవు!"

"అది నవ్వులకు బిడ్డా." ఆయన ముఖంలో నిజంగా ఆశ్చర్యం. "నవ్వులకు చెప్తరు గట్ల. దానికేంది?"

నా నోటికి చాలా మాటలు వచ్చాయి. అన్నీ మింగి ఒక్కటే అడిగాను. "సాయంత్రం మల్ల ఎవరో వస్తరట చూడనీకి. వాళ్లకు నిజం చెప్పు. నాయినమ్మ ఉప్పేసిందని చెప్పు. ఆమె పేరు తియ్యద్దంటవా, తియ్యకు. ఉప్పెక్కువై సచ్చినయని అను చాలు. నాకు అదొక్కటే కావాలె."

"సరే" అన్నాడు. నా చేతి మీద చేయి వేసి, "చెప్త తియ్యి" అన్నాడు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ చేయి కింద నా కళ్లు తడిశాయి. ఇన్నేళ్ల తర్వాత పద్నాలుగేళ్ల పిల్లలా సాయంత్రం కోసం ఎదురుచూశాను. జడ కూడా మళ్లీ వేసుకున్నాను.

నాలుగున్నరకు ఎదురింటి దంపతులు వచ్చారు. శీను దీపం వేశాడు, గొట్టం చూపించాడు, పాఠం చెప్పాడు. తర్వాత, "బాపూ, మన మానుకోట తొట్టి ముచ్చట చెప్పరాదు" అన్నాడు. బాపు నా వైపు చూశాడు. నేను కళ్లతోనే చెప్పు అన్నాను. ఆయన గొంతు సవరించుకున్నాడు. "మా కాడ గూడ ఉండె" అని మొదలుపెట్టి, గార్డు, నూనె డబ్బాలు, ఖాజా భాయి, అన్నీ చెప్పాడు. వింటున్నవాళ్లు ముందుకు వంగారు. అక్కడ ఆగాడు. మళ్లీ ఒకసారి నన్ను చూసి, చూపు తిప్పుకుని, "ఆఖరికి ఏమయింది? మా పెద్దబిడ్డ ముట్టుకున్నది!" అన్నాడు. ఎదురింటాయన గట్టిగా నవ్వాడు. బాపు కూడా నవ్వాడు. నవ్వించగలిగిన సంతోషం ఆ బోసినోట్లో మెరిసింది. ఆ సంతోషం ముందు నేనెంత?

"అబద్ధం" అన్నాను. నా గొంతు బడిలో వెనక బెంచీకి వినబడే గొంతు. "నాయినమ్మ నాలుగు పిడికిళ్ల ఉప్పేసింది. అందుకే సచ్చినయి. ఇగో, ఈయన నాలిక మీద ఏసుకొని చూసిండు. నాకు పొద్దుమూకేలోపు చెప్తనని మాటిచ్చిండు."

ఎదురింటావిడ ముఖం చిట్లించింది, నేనేదో గలీజు చేసినట్టు. ఇందాకటి మాటలో ఆమెకు గలీజు కనబడలేదు మరి. లత నా మోచేయి పట్టుకుని, "పోనియ్యి వదినా, ఎప్పటి ముచ్చటో" అని గొణిగింది. బాపు తల అడ్డంగా ఊపి, "దీనికి మొదటి నుంచి నోరెక్కువ" అన్నాడు. మళ్లీ నవ్వులు లేచాయి, ఈసారి కాస్త తేలికపడ్డ నవ్వులు. శీను నవ్వలేదు. గొట్టం తుడుస్తూ నా వైపు చూస్తుండిపోయాడు. నేను సంచీ తీసుకుని, ఎవరికీ పోయొస్తానని చెప్పకుండా బస్టాండుకు నడిచాను.

బస్సులో కూర్చుని మనసారా తిట్టుకున్నాను అందరినీ. తెలిసి కూడా అట్లా ఎట్లా చేస్తాడు మనిషి, తెలిసి కూడా, తెలిసి కూడా అని అదే మాట తిప్పి తిప్పి అనుకుంటుంటే, రఘునాథపల్లి దాటాక ఎక్కడో ఆ మాట నాకే అడ్డం తిరిగింది. హనుమకొండలో దిగి, భూపాలపల్లి బస్సు కోసం నిలబడి, ఖమ్మంలో ఉన్న నా బిడ్డ కవితకు ఫోన్ చేశాను.

"కవితా, నీకు పదమూడేండ్లప్పుడు, కాటారంల ఉన్నప్పుడు, నువ్వు బయటుండి తొక్కు జాడీ అందుకోబోతే నీ చెయ్యి మీద కొట్టిన. యాదికున్నదా?"

"యాదికున్నది. ఎందుకమ్మా ఇప్పుడు?"

"ఆ రోజు పొద్దుగాలనే ఎనిమిదో తరగతి ఆడపిల్లలకు ముట్టు పాఠం చెప్పి వచ్చిన. బోర్డు మీద బొమ్మ గీసి, ఇందుల మైల లేదు, ఏం లేదు అని చెప్పిన. ఇంటికొచ్చి నిన్ను కొట్టిన. ఆ తొక్కుకు ఏం కాదని నాకు ఎరుకే బిడ్డా. ఎరుకుండే కొట్టిన. తప్పు నాది."

అవతల తలుపు మూసిన చప్పుడైంది.

"అప్పుడు నిన్ను చూస్తె నాకు రోత పుట్టిందమ్మా" అంది కవిత. "బడిల గట్ల, ఇంట్ల గిట్ల. చాన రోజులు నీ చేతి బువ్వ తినబుద్ధి కాలే. నీకు తెల్వనే తెల్వదు."

నవ్వులకు చేశాననడానికి వీల్లేదు. చిన్నదానివి, మరిచిపోతావనుకున్నానని అనడానికీ వీల్లేదు. రెండు మాటలూ ఆ రోజే విని వచ్చాను.

"చెప్పు బిడ్డా. ఇంకా ఏమేం చేసిన్నో అన్ని చెప్పు. వింట" అన్నాను.

అది చెప్పడం మొదలుపెట్టింది. భూపాలపల్లి బస్సు వచ్చింది, ఆగింది, జనాన్ని ఎక్కించుకుని వెళ్లిపోయింది. నేను ఫోను చెవికి ఆనించుకుని అక్కడే నిలబడ్డాను.